ఎడమ వైపు ఫ్లూట్

గురువారం పొద్దున నా ఎడమ చెవి ఆగిపోయింది. ఆ సంగతి నాకంటే ముందు మా ఆవిడకు తెలిసింది. కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని పేపరు చూస్తున్నాను. ఆవిడ టీ గ్లాసుతో నా ఎడమ పక్కన నిలబడి మూడుసార్లు పిలిచిందట. నాలుగోసారి పిలవకుండా గ్లాసు తెచ్చి పేపరు మీదే పెట్టింది.

"ఏటి, రాయిలాగ కూకున్నావు? పిలుత్తుంటే పలకవేటి?"

"పిలిచావా?"

"నేదు, పాట పాడేను."

ఆవిడ నా ఎడమ పక్కనే ఉంది. మాట మాత్రం కుడి పక్కనున్న గోడలోంచి వచ్చింది. ఎడమ చెవిలో వేలు పెట్టి తిప్పాను. వేలు తగులుతోంది గాని చప్పుడు లేదు. చెవి లోపల ఎక్కడో, రేవులో దూరంగా నిలబడ్డ ఓడ జనరేటరు లాంటి మోత. పడుకునేటప్పుడు బాగానే ఉన్న చెవి, లేచేసరికి లేదు. నొప్పి లేదు, చీము లేదు, ముందుగా ఒక మాట చెప్పడం లేదు.

"డాట్రు దగ్గరకి ఎల్లు. ఈయేళే ఎల్లు," అంది మా ఆవిడ.

"గులిమి గట్టిపడి ఉంటుంది. ఆదివారం దాటనీ."

"ఆదివారం ఏటుంది?"

"నా వంతు."

ఆవిడ నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది. ఈ వంతు గురించి పదకొండేళ్లుగా ఇంట్లో వింటోంది పాపం.

వంతంటే చెప్పాలి. నెలకో ఆదివారం మధ్యాహ్నం న్యూ టౌన్‌లో ఒక తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో పది పన్నెండు మందిమి కలుస్తాం, వంతుల జాబితాలో పేర్లు మాత్రం ముప్ఫై పైనే. ప్రోగ్రెసివ్ రాక్ వినేవాళ్లం. ఒక్క పాట ఎల్‌పీ రికార్డు ఒక వైపంతా సాగి, నడక పదిసార్లు మార్చుకుని, ఆర్గానూ గిటారూ ఫ్లూటూ వాదులాడుకునే సంగీతం అది. మాలో ప్రతివాడికీ ఒక ఆల్బమ్ ఉంటుంది. దాని గురించి సొంత మేనత్త గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఒకాయన తన ఆల్బమ్ రెండో వైపు విని విని డిగ్రీ తప్పాడు. ఇప్పటికీ ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాడు. ఇంకొకాయన తన ఆల్బమ్‌ని ఎవరైనా సాగదీత అన్నారంటే ఆ వేళ మాతో ముడీ, బేగునీ, అంటే మరమరాలూ వంకాయ బజ్జీలూ, ముట్టడు.

ఫ్లాటు ఒక బెంగాలీ పెద్దమనిషిది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అందరం దాదా అంటాం. మేమిద్దరం మాట్లాడుకునేది బెంగాలీలోనే, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. దాదా పెట్టిన పద్ధతి ఒకటుంది. హాల్లో రెండు స్పీకర్లకీ సరిగ్గా ఎదురుగా, నడిమధ్యన ఒకే ఒక కుర్చీ. ఆ నెల ఎవరి వంతైతే వాళ్లు తమ రికార్డు తెచ్చుకుని అందులో కూర్చోవాలి. మిగతావాళ్లు గోడల వెంట చాపల మీద. ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలోకి. ఒక వైపు పూర్తయ్యేదాకా కళ్లు తెరవకూడదు, దగ్గకూడదు. సూది లేచాక కుర్చీలోని మనిషి మాట్లాడాలి. ఈ రికార్డు తనకెలా దొరికింది, ఎవరితో విన్నాడు, ఎందుకు వదల్లేకపోతున్నాడు అన్నీ చెప్పాలి. ఆ తరవాతే టీ.

పదకొండేళ్లలో ఆ కుర్చీలో నేను కూర్చోలేదు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు దసరా పూజ సెలవులని వాయిదా వేశారు. రెండోసారి విదేశం నుంచి ఎవరో పాత సభ్యుడు వచ్చాడని ఆయనకిచ్చారు. మూడోసారి హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఐటీలో పనిచేస్తున్న అమ్మాయికిచ్చారు. ఆమెకు ట్రాన్స్‌ఫరట. ఆ ట్రాన్స్‌ఫర్ తరవాత రద్దయింది. ఆమె ఇప్పటికీ వస్తోంది. నా వంతు మాత్రం వెనక్కి రాలేదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం చిన్నతనమని మా ఆవిడ అంటుంది. మరచిపోవడానికి నేనేమీ ప్రయత్నించలేదు కాబట్టి గుర్తున్నాయి. మొదటిరోజు దాదా తలుపు తీసి, నా చేతిలోని సంచీ చూసి, "స్పీకరు రిపేరుకా? రండి, చెప్పులు బయట విడవండి" అన్నాడు. తరవాత సారీ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పిన సారీని నేను తీసుకోను.

వీటన్నిటికంటే పెద్దది ఫ్లూట్ సంగతి.

నా ఆల్బమ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివే ప్రతివాడూ ఒక అభిప్రాయంతో వస్తాడు. అట్ట మీద ఆకుపచ్చ ఆకాశం, మోకాళ్ల లోతు నీళ్లలో ఒక గుర్రం. మా నాన్న డాకులో ఓడల సరుకెత్తే వించి నడిపేవాడు. ఒకసారి విదేశీ ఓడ మీద ఒక నావికుడి చెయ్యి తెగితే తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఆ నావికుడు ఈ రికార్డు ఇచ్చాడు. మా ఇంట్లో ప్లేయరు లేదు. రెండేళ్లు అట్ట మాత్రమే చూశాను. ఆ గుర్రం ఎలా మోగుతుందో నేనే ఊహించుకుని బాత్‌రూములో ఈల వేసేవాణ్ణి.

తరవాత మా అక్కకు పెళ్లయింది. బావ షాలిమార్ గూడ్స్ యార్డులో ఫిట్టరు. పాత టర్న్‌టేబుల్ ఒకటి ఎక్కడో సంపాదించాడు, ఆంప్లిఫయరుకి ప్యాకింగు చెక్కతో పెట్టె కట్టాడు, వైర్లన్నీ తనే కలిపాడు. సెలవు రోజు మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక సూది పెట్టాం. ఏడెనిమిది నిమిషాలు గడిచాక అన్నీ ఆగిపోయి ఎడమ వైపు నుంచి ఫ్లూట్ ఒక మాట అడిగింది. కుడి వైపు నుంచి ఆర్గాన్ తీరిగ్గా జవాబు చెప్పింది. మళ్లీ ఫ్లూట్. మా చర్చిలో హార్మోనియం వినడమే తప్ప ఇలా రెండు వాయిద్యాలు గదికి అటొకటీ ఇటొకటీ కూర్చుని మాట్లాడుకుంటాయని నాకు తెలీదు. బావ కళ్లు మూసుకుని అన్నాడు, "ఇద్దరూ ఏటో మాటాడుకుంతన్నార్రా. మనం మద్దిలో దూరకూడదు."

అప్పటినుంచి బావ పోయేదాకా మేమిద్దరం మధ్యలో దూరకుండా ఆ వైపు ఎన్నిసార్లు విన్నామో. బావ పోయిన మరుసటేడు నేను ఈ గుంపులో చేరాను. పక్కన ఎవరో ఒకరు కూర్చుని వినకపోతే ఆ రికార్డు నాకు సగమే వినిపిస్తోంది.

చేరిన మూడో నెలలో, టీ దగ్గర, మాటల్లో నేను ఎడమ వైపు ఫ్లూట్ గురించి చెప్పాను. దాదా వెంటనే, "కుడివైపు," అన్నాడు.

"ఎడమ."

"కుడి, భాయీ. నేను కాలేజీ రోజుల్లో విన్నాను."

ఎవరో ఫోనులో పెట్టి, చెవుల్లో బటన్లు పెట్టుకుని, కుడే అన్నారు. ఫోన్లలో ఉన్నవి మళ్లీ కలిపి చేసిన కాపీలని, వాటిని నమ్మనని చెప్పాను.

"అయితే మీ బావగారు వైర్లు తిరగేసి కలిపి ఉంటారు," అన్నాడు దాదా. అందరూ నవ్వారు. నవ్వు తగ్గనివ్వకుండా ఇంకోటి కలిపాడు. "లేదా షిప్‌యార్డులో ఇనప ప్లేట్లు కొట్టీ కొట్టీ నీ చెవులే అటుదిటు అయ్యాయేమో!"

ముప్ఫై నాలుగేళ్లు యార్డులో పనిచేశాను. చెవుల్లో దూది లేకుండా షెడ్డులో అడుగు పెట్టలేదు. బావ కట్టిన వైరు ఒక్కటి ఊడి రావడం వాళ్ల గూడ్స్ యార్డులో ఎవరూ ఎరగరు. ఒకే టీ కప్పులో ఇద్దరినీ ముంచేశాడు. ఆ రోజే అనుకున్నాను, నా వంతు వస్తుంది, నా రికార్డు నీ సెట్టు మీదే పెడతాను, అందరి ముందూ ఎడమనుంచే మోగుతుంది అని.

అందుకే గురువారం డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చెవి పోయిందని తెలిస్తే వంతు ఇంకొకరికి వెళ్తుంది. అంతకంటే ఘోరం, చూశారా, యార్డు చెవులు అని మేం అప్పుడే చెప్పలేదా అంటారు.

శుక్రవారం మా ఆవిడ బజారుకెళ్లినప్పుడు తలుపు గడియపెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. బావ పోయాక అక్క నాకిచ్చేసిన ఆ సెట్టు మీదే రికార్డు పెట్టాను. ఫ్లూట్ రావలసిన చోట ఏమీ రాలేదు. కాసేపు ఖాళీ. తరవాత కుడి చెవిలో ఆర్గాన్ జవాబు చెప్పింది. మళ్లీ ఖాళీ, మళ్లీ జవాబు. ఎవరూ అడగని వాటికి జవాబులు చెప్పుకుంటూ రోడ్డు మీద నడిచే మనిషిని చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వైరే ఊడిందేమోనని హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకున్నాను. ఇప్పుడు కుడి చెవిలో ఫ్లూట్ అడుగుతోంది. జవాబు లేదు.

వైరు బాగానే ఉంది.

అప్పుడు భయమేసింది. యార్డులో క్రేనుకు వేలాడే ప్లేటు కింద నిలబడి భోజనం చేసినవాణ్ణి. ఆ భయం వేరు. తల ఎత్తితే ప్లేటు కనిపిస్తుంది, పక్కకు జరగొచ్చు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, దేనికింద నిలబడ్డానో తెలీదు. మిగిలిన చెవికి ఇది తెలుసా? అదీ ఇలాగే ఒక పొద్దున చెప్పకుండా వెళ్లిపోతుందా? పళ్లెం మీద చెంచా పెట్టి కొట్టాను. వినిపించింది. రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టాను. మా ఆవిడ వచ్చి తలుపు బాదేదాకా కొడుతూనే ఉన్నానట.

"ఏటి నీకు? డాట్రుకి నేను సెప్తాను."

"ఆదివారం సాయంత్రం వెళ్తాను. ప్రమాణంగా."

"ప్రభువు మీద ఒట్టెయ్యి."

వేశాను.

ఆదివారం పొద్దున చర్చిలో పాట మొదలవగానే భవనం ఒక పక్కకి ఒరిగినట్టనిపించింది. జనమంతా కుడి పక్కనే ఉన్నారు, ఎడమ బెంచీల్లో వాళ్లు నోళ్లు కదుపుతున్నారంతే. బయటికొస్తుంటే పాస్టరుగారి భార్య ఎడమ పక్కనుంచి పలకరించిందట. నేను పలక్కుండా వెళ్లిపోయానట. ఆవిడ ఆ సంగతి ఎన్నేళ్లు గుర్తుపెట్టుకుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

అన్నం తినకుండా రికార్డు సంచీలో పెట్టుకుని బయల్దేరాను. రెండు బస్సులు మారాలి. రోడ్డు దాటడం ఎప్పుడూ ఆలోచించి చేసిన పని కాదు. ఆ రోజు హారన్లన్నీ కుడినుంచే వస్తున్నాయి. కుడికి చూసి అడుగేశాను. ఎడమనుంచి ఆటో వచ్చి సంచీని రాసుకుంటూ వెళ్లింది. డ్రైవరు తల బయటపెట్టి "కాలా నాకీ!" అని అరిచాడు. చెవిటివాడివా అని. ఎంతోమంది ఎన్నో అన్నారు నన్ను. వాళ్లందరికీ మనసులో అయినా జవాబు చెప్పాను. వీడికి చెప్పలేకపోయాను. సంచీని గుండెకు హత్తుకుని డివైడరు మీద నిలబడిపోయాను. ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి పట్టుకుని దాటించాడు.

ఫ్లాటులో అందరూ వచ్చేశారు. ఐటీ అమ్మాయి ఎదురొచ్చింది. అదృష్టం కొద్దీ కుడి పక్కనుంచి.

"ఇయ్యాల ఫైనల్ మ్యాచ్ అంట గదా అంకుల్! నేనైతే మీ దిక్కే. గెలవాలె మీరు."

"నువ్వు నా వంతు తీసుకోకపోయి ఉంటే ఎప్పుడో గెలిచేవాణ్ణి."

"అబ్బా, ఇంకా గుర్తున్నదా? సారీ చెప్పిన గద, మూడు సార్లు."

ఇంకెవరైనా ఎడమనుంచి మాట్లాడతారేమోనని గోడకి ఎడమ భుజం ఆనించి నిలబడ్డాను. ఎవరేమన్నా తలూపాను. దాదా రికార్డు అందుకుని, అంచులు పట్టుకుని వెలుతురులో చూసి, "బాగా దాచుకున్నావు" అన్నాడు. అది మెచ్చుకోలే. దాన్ని కూడా నమ్మలేదు.

కుర్చీలో కూర్చున్నాను. పదకొండేళ్లుగా కోరుకున్న కుర్చీ. కళ్లు మూసుకున్నాను. సూది దిగింది.

స్పీకర్ల ముందు హెడ్‌ఫోన్లలో లాగా ఒక పక్క పూర్తిగా మాయం కాదని కూర్చున్నాకే తెలిసింది. అన్నీ వినిపిస్తున్నాయి. కానీ అన్నీ కుడినుంచే. డ్రమ్ములు, గిటారు, రికార్డు మీద దుమ్ము చిటపటలు, అన్నీ. ఇరవై మంది ఒకే సన్న గుమ్మంలోంచి ఒకేసారి దూరుతున్నట్టు. ఏడెనిమిది నిమిషాలు దగ్గరపడ్డాయి. అన్నీ ఆగాయి. ఫ్లూట్ వచ్చింది.

వచ్చింది! అది కూడా ఆ గుమ్మంలోంచే. ఆర్గాన్ జవాబు చెప్పింది. అదీ అక్కడినుంచే. ఫ్లూట్ ఏ స్పీకరులోంచి వస్తోందో నాకు తెలీలేదు. పదకొండేళ్లు దేనికోసం పోట్లాడానో అది నా ఎదుట జరుగుతోంది. గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుస్తోంది, నాకు తప్ప.

నియమం తప్పి కళ్లు తెరిచాను. చాపల మీద ఉన్నవాళ్లూ కళ్లు తెరిచే ఉన్నారు. అందరి తలలూ కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. కిటికీ నా కుడి చేతి వైపు. ఆర్గాన్ మొదలవగానే అందరి తలలూ ఎడమ వైపుకి తిరిగాయి. మళ్లీ ఫ్లూట్, మళ్లీ కిటికీ వైపు. డిగ్రీ తప్పినాయన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఐటీ అమ్మాయి మాత్రం నా వైపు చూసి, తల దించుకుంది.

బావ వైర్లు తిరగేసి కలిపాడు. ఎర్రదీ తెల్లదీ. ఇద్దరం జీవితమంతా అద్దంలో చూసినట్టు ఆ సంగీతం విన్నాం.

ఇది తెలిసిన క్షణంలో బాధ కలగాలి. కలగలేదు. భయం తప్ప లోపల దేనికీ చోటు లేదు. వైపు ముగిసి సూది లేచింది. ఇప్పుడు నేను మాట్లాడాలి. నాన్న తువ్వాలు, బావ చెక్కపెట్టె, అన్నీ వరసగా సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట్లోకి రాలేదు. అందరూ నా ఎడమ భుజం అవతలికి ఎందుకు చూస్తున్నారో అర్థం కాలేదు. అందరి మొహాల్లో నవ్వు పోయింది.

"అంకుల్," అంది ఐటీ అమ్మాయి మెల్లగా, "దాదా మిమ్మల్ని పిలుస్తున్నరు. మస్తు సేపటి సంది."

తల తిప్పాను. దాదా నా ఎడమ పక్కన జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. నా చెవి దగ్గర చిటిక వేస్తున్నాడు. వేళ్లు కదులుతున్నాయి. నాకు చిటిక లేదు.

ఆయన వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఏమిటి?"

"నాటకాలొద్దు. ఎప్పటినుంచి?"

"గురువారం."

"ఇవాళ ఆదివారం! నీకు బుర్ర ఉందా?"

"చెబితే నా వంతు ఇంకొకరికి ఇచ్చేవాడివి."

"ఇచ్చేవాణ్ణే," అన్నాడు దాదా. "ఇచ్చి, నిన్ను మెడపట్టి ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణి. మా తమ్ముడికీ ఇలాగే అయింది. పది రోజులు నూనె చుక్కలు వేసుకుని కూర్చున్నాడు. తిరిగి రాలేదు. లే."

ఫ్లూట్ గురించి ఒక్క మాట అనలేదు. గెలిచినవాడు గెలిచినట్టు ఉంటే నేనూ ఓడినవాడిలా ఉండేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు ఆ మనిషి.

కింద యాప్ క్యాబ్ వచ్చింది. నన్ను ఎడమ తలుపులోంచి ఎక్కించి, తను చుట్టూ తిరిగి వెళ్లి కుడి పక్కన కూర్చున్నాడు. ఎందుకు అలా తిరిగి వెళ్లాడో క్యాబ్ కదిలాక గాని నాకు తట్టలేదు. దారిలో ఒకటే అడిగాను.

"మీ తమ్ముడికి రెండో చెవి?"

"అది బాగానే ఉంది. ఇప్పటికీ నేను తిట్టేవన్నీ దానితోనే వింటున్నాడు."

"ఎన్నేళ్లయింది?"

"చాలా ఏళ్లు. కాస్త నోరు మూసుకుని వెనక్కి ఆనుకుని కూర్చో."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న ఇనప పనిముట్టు మోగించి నా నుదుటి మీద ఆనించింది. చెవిలోకి దీపంతో చూసింది. గులిమి లేదంది. గులిమి ఉండాలని నేనంత గట్టిగా ఎప్పుడూ దేన్నీ కోరుకోలేదు.

"ఎప్పుడు మొదలైంది?"

ఈ పొద్దున అని చెబుదామనుకున్నాను. దాదా నా కుడి పక్కనే కూర్చుని ఉన్నాడు.

"గురువారం పొద్దున," అన్నాను.

ఆవిడ కలం ఆగింది. "అప్పుడే ఎందుకు రాలేదు? ఇలాంటివాటికి మొదటి రోజే మందు పడాలి."

నా దగ్గరున్న జవాబు ఆ గదిలో చెప్పేది కాదు. దాదా నా బదులు చెప్పాడు, "ఇవాళ ఈయన వంతు, డాక్టరుగారూ." ఆవిడకి ఏమీ అర్థం కాక ఇద్దర్నీ చూసి మందుల చీటీ రాసింది.

నా తప్పు నేను ఒప్పుకుంటాను. కానీ ఒకటి ఇక్కడ రాసిపెట్టాలి. మొదటి మూడు వంతుల్లో ఏ ఒక్కటి నాకిచ్చి ఉన్నా నేను గురువారమే డాక్టరు దగ్గర ఉండేవాణ్ణి. దాదాతో కూడా ఈ మాట అన్నాను. "అవును, నిజమే," అన్నాడు. వాదించని మనిషితో ఏం చేస్తాం?

రెండు వారాలు గుప్పెడు మాత్రలు. చెవిలోకి సూదులు కూడా. మాత్రలకు నిద్ర లేదు, నోరు చేదు, ఊరికే కోపం. ఆ కోపం మాత్రలదని డాక్టరమ్మ అంటే, "కాదమ్మా, అది ముందునుంచీ ఉన్నదే," అంది మా ఆవిడ. ఆ రోజుల్లోనే ఒకసారి సెట్టు వెనక్కి వంగి చూశాను. బావ చుట్టిన నల్ల టేపు నలభై ఏళ్లకు కూడా వదల్లేదు. ఎర్రది తెల్లదాని చోట ఉంది. వాటిని ముట్టుకోలేదు, ముట్టుకోను. ఒకరి చేతి పని అది.

చివరి పరీక్షకు మా ఆవిడా దాదా ఇద్దరూ వచ్చారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చారు. శబ్దం వినిపిస్తే నొక్కాలి. కుడి చెవి అయింది. ఇప్పుడు ఎడమ అని కిటికీ అవతలనుంచి చెయ్యి చూపించింది ఆ పరీక్షలు చేసే అమ్మాయి. నేను ఎదురుచూశాను. ఆ గదిలో ఉన్నంత భయం నాకెప్పుడూ లేదు. ఆమె ఇంకా శబ్దం పెట్టలేదా, పెట్టింది నాకు వినిపించడం లేదా? రెండూ లోపలినుంచి ఒకేలా ఉంటాయి. ఎంతసేపు గడిచిందో తెలీదు. అప్పుడు చాలా కింద, హుగ్లీ మీద పడవ మోటారు లాంటిది ఒకటి. నిజమో నా భయమో తెలియక నొక్కాను. ఆమె తలెత్తకుండా కాగితం మీద గుర్తు పెట్టుకుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను. ఆ తరవాత పై శబ్దాలు, సన్నవి, ఏవీ రాలేదు.

మందమైన శబ్దాలు కొన్ని వచ్చాయని, సన్నవి ఇక రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆర్గాన్ సగం, ఫ్లూట్ లేదు అని నేను అర్థం చేసుకున్నాను. కుడి చెవి సంగతి అడిగాను. మామూలుగా ఇది రెండో చెవికి రాదంది. మామూలుగా అంటే ఏమిటని అడిగాను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంటుంది.

బయట బెంచీ మీద దాదాకి చెప్పాను. "ఆ ఆదివారం లెక్కలోకి రాదు. నేను ఒక చెవితో విన్నాను. మాట్లాడనేలేదు. నా వంతు నాకు మళ్లీ రావాలి."

"ఓలమ్మ!" అంది మా ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. "సెవి పోయినా వంతు పిచ్చి పోనేదు ఈ మనిసికి!"

ఆవిడ తెలుగు దాదాకి అర్థం కాలేదు గాని చెయ్యి అర్థమైంది. గట్టిగా నవ్వాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి జాబితా చూశాడు. "మాట్లాడలేదన్నది నిజమే. రాస్తాను. కానీ తేదీలు ఇచ్చేసినవాళ్లు నీ ముందు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లని దాటించను."

"ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలు."

ఎనిమిది నెలలు ఈ కుడి చెవి ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? ఆ మాట ఆయనతో అనలేదు. జాలిపడి దాటిస్తాడేమోనని. జాలితో ఇచ్చిన వంతు నాకొద్దు.

అప్పటినుంచి ప్రతి నెలా ఫోన్ చేసి నా పేరు ఎన్నోదో అడుగుతున్నాను. మొన్న చేశాను, కుడి చెవికి ఆనించుకుని.

"నాలుగోది," అన్నాడు దాదా.

స్పష్టంగానే వినిపించింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాను.